పెరటి చెట్టుకు పాదు ఎక్కడ తియ్యాలి?

ఔటర్ రింగ్ రోడ్డు దిగి మేడ్చల్ వైపు వెళ్లినా, శామీర్‌పేట వైపు తిరిగినా కొత్త వెంచర్ల నడుమ అక్కడక్కడా పెద్ద చెట్లు కనిపిస్తాయి. ప్లాట్లు చేసేటప్పుడు కొట్టకుండా వదిలిన మామిడి, పొలంగట్టు మీద పెరిగిన వేప, ఏ తాతో నాటిన చింత. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పేరు చెబితే అనాబెషాహీ ద్రాక్ష గుర్తొచ్చేది. ఆ పందిళ్లు పోయాయి, మామిడి తోటలూ చాలావరకు పోయాయి. మిగిలిన చెట్టు ఇప్పుడు ఒకరి ప్రహరీగోడ లోపల ఉంది. అసలు ఆ చెట్టు నీడ చూసే ప్లాటు కొన్నవాళ్లున్నారు. ఇల్లు కట్టిన నాలుగైదేళ్లకు పైకొమ్మలు ఎండడం మొదలవుతుంది. “రోజూ నీళ్లు పోస్తూనే ఉన్నామండీ, ఎందుకిలా అవుతోంది?” అని దిగులు పడతారు.

రోజూ పోయడం, అదీ మొదలు దగ్గరే పోయడం, ఇక్కడే వస్తోంది చిక్కు. మాను దగ్గరి లావాటి వేర్లు చెట్టును నిలబెట్టేవి. నీళ్లు తాగే పీచువేర్లు కొమ్మల అంచు కింద, దాన్ని దాటి ఇంకా అవతల, ఎక్కువగా పైమట్టి రెండడుగుల్లోనే ఉంటాయి. మామిడి తోటలు చూసుకున్న పాతకాపులు ఇది ఎరిగే పని చేశారు. మొక్క ఎదిగేకొద్దీ పాదును ఏటేటా బయటికి జరిపేవారు. కాపుకొచ్చిన చెట్టుకు మొదలు చుట్టూ మట్టి ఎగదోసి పొడిగా ఉంచి, కొమ్మల చివర కింద గుండ్రంగా పాదు తీసేవారు. మొదలెప్పుడూ తడిగా ఉంటే బెరడు కుళ్లుతుంది, చెదలు ఎక్కుతాయి.

మనది ఎడారి కాదు. ఏడాదికి 800 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడుతుంది. కానీ అందులో ముప్పాతిక భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురిసిపోతుంది. కార్తీకం దాటాక మృగశిర దాకా నేలలో మిగిలిన తేమే చెట్టుకు దిక్కు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పైన జానెడు మూరెడు ఎర్రచెల్క, కింద మొరం, ఆ కింద రాయి. చెల్క నీళ్లను ఎంత త్వరగా పీలుస్తుందో అంత త్వరగా పోగొట్టుకుంటుంది. కాబట్టి ఏడాదిలో ఐదారు నెలలు ఇక్కడి చెట్టు ఎడారి చెట్టు కిందే లెక్క. అమెరికాలో అరిజోనా ఎడారి పట్టణాల్లో పెద్ద చెట్లకు మూడడుగుల లోతు తడిసేలా, చాలా రోజులకోసారి నీళ్లు పెట్టమని చెబుతారు. మన తోటకాపులు పట్టించిన తడి కూడా ఇదే తీరు.

ఎన్ని నీళ్లు? ఇరవై అడుగుల వెడల్పు నీడ ఉన్న చెట్టును తీసుకుందాం. కొమ్మల అంచు కింద మూడడుగుల వెడల్పున పాదు తీస్తే ఆ వలయం వైశాల్యం పదహారు, పదిహేడు చదరపు మీటర్లు. రెండడుగుల లోతు నేల బాగా తడవాలంటే దాదాపు వెయ్యి లీటర్లు పడతాయి. వినడానికి ఎక్కువే. కానీ వేసవిలో ఇది పదిహేను, ఇరవై రోజులకోసారి చాలు. ఐదువేల లీటర్ల ట్యాంకరుతో ఐదు చెట్లు గడుస్తాయి. రోజూ పైపు పట్టుకుని అరగంట తడిపే లాన్ తాగేదానితో పోల్చండి. లాన్ కోసం పోసే పైపై తడి చెట్టుకు మేలు చేయకపోగా, వేర్లను పైపైనే ఉండేలా అలవాటు చేస్తుంది. బోరు ఎండిన వారం అలాంటి చెట్టే ముందు వాడుతుంది.

తడి ఎంత లోతుకు దిగిందో తెలుసుకోవడానికి వేలెడు లావు ఇనుప చువ్వ ఒకటి చాలు. నీళ్లు పెట్టిన మర్నాడు పాదులో గుచ్చండి. తడిమట్టిలో సులువుగా దిగుతుంది, పొడి తగలగానే ఆగిపోతుంది. జానెడుకే ఆగితే నీళ్లు చాలలేదన్నమాట. అప్పుడు ధార తగ్గించి ఎక్కువసేపు వదలాలి. పాదులో జానెడు మందాన ఎండాకు పరిస్తే ఆ తడి ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది. వేప, మామిడి రాల్చిన ఆకును ఊడ్చి గేటు బయట తగలబెట్టే అలవాటు చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. చెట్టు తన కోసం తాను వేసుకున్న దుప్పటి అది.

చెల్కనేలకు పెద్దలు చేసిన మరో వైద్యం చెరువుమన్ను. వేసవిలో చెరువు ఎండినప్పుడు నల్లటి పూడిక తీసి బండ్ల మీద పొలాలకు, తోటలకు తోలేవారు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలోనూ తీసిన పూడికను రైతులు పొలాలకు తోలుకుపోయారు. బంకమన్ను కలిసిన చెల్క నీళ్లు పట్టి ఉంచుతుంది. పాదులో రెండంగుళాల మందాన వేసి, పైపైన కలిపితే చాలు. లోతుగా తవ్వితే పీచువేర్లు తెగుతాయి. మొదలు చుట్టూ పోగు మాత్రం వేయకూడదు. వెంచర్లలో ఎత్తు పెంచడానికి మొరం పోసి మానును రెండడుగులు పాతేసిన చెట్లు చూడండి: వాటికి జబ్బేమీ లేదు, ఊపిరాడక పోతాయి.

మామిడికి ఒక మినహాయింపు ఉంది. వానలు వెనకబట్టాక పూత వచ్చేదాకా నీళ్లు ఆపాలి. ఆ బెట్టకే పూత కడుతుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ తడి పెట్టాలి. శీతాకాలమంతా నీళ్లిచ్చి, పూత రాలేదని మందుల షాపుకు వెళ్లడం వృథా.

కొమ్మలు కొట్టడం దగ్గర జరిగే నష్టం ఇంకా పెద్దది. గాలిదుమారాలకు భయపడి ఏప్రిల్లో చెట్టును మోడుగా నరికిస్తారు. నీడలో పెరిగిన బెరడు ఒక్కసారిగా ఎండకు కాలి పగులుతుంది, ఆ పగుళ్లలో పురుగు చేరుతుంది. ఎండుకొమ్మను ఎప్పుడైనా తీయవచ్చు. పచ్చికొమ్మ తీయాల్సి వస్తే మామిడికి కాయ కోశాక, తక్కిన చెట్లకు మండుటెండలు లేని రోజుల్లో తీయాలి. పద్ధతి ఇదీ: మానుకు మూరెడు దూరంలో కొమ్మ అడుగు నుంచి మూడో వంతు లోతుకు రంపం వేయాలి. దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే, కొమ్మ బెరడు చీల్చకుండా విరిగి పడుతుంది. మిగిలిన మొండిని ఆఖరున కోయాలి. కొమ్మ మానుతో కలిసేచోట ముడతలు పడిన చిన్న ఉబ్బు ఉంటుంది. కోత ఆ ఉబ్బుకు ఆనుకుని బయట పడాలి, ఉబ్బు తెగకూడదు. గాయాన్ని మూసే కొత్త బెరడు అక్కణ్నుంచే వస్తుంది. చెట్టు పుచ్చును నయం చేసుకోదు, దాని చుట్టూ అడ్డుగోడలు కట్టి లోపలే బంధిస్తుందని అమెరికా అటవీశాఖ శాస్త్రవేత్త అలెక్స్ షైగో 1977లో వివరించాడు. ఉబ్బును చెక్కేస్తే ఆ గోడలు కూలినట్టే. తారు, పెయింటు పూయకండి. మామిడికి మన తోటల్లో బోర్డో పేస్టు పూస్తారు: కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. ఇనుప పాత్రలో కలపకూడదు.

2021 వానాకాలం చివర తెలంగాణ అంతటా వేపచెట్లు చివళ్ల నుంచి ఎండుతూ వచ్చాయి. అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే ఎండుతెగులని జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పారు. చాలా చెట్లు తర్వాత మళ్లీ చిగిర్చాయి. ఈలోపు చచ్చిపోయాయనుకుని కొట్టేసిన వేపలు మాత్రం తిరిగి రాలేదు. గోటితో చిన్న కొమ్మ బెరడు గీకి చూస్తే లోపల పచ్చదనం ఉందో లేదో ఎవరికైనా తెలుస్తుంది. పైగా 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం ఇంటి ఆవరణలోని చెట్టు కొట్టాలన్నా అనుమతి ఉండాలి.

మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి కొమ్మ విరిగిపడ్డప్పుడు, 2017 డిసెంబరులో సందర్శకులను ఆపేశారు. మరుసటి ఏడాది సెలైన్ సీసాలతో చెట్టుకు చెదల మందు క్లోర్‌పైరిఫాస్ ఎక్కించిన ఫొటోలు దేశమంతా చూసింది. కొమ్మలకు ఊతం కట్టడం, ఊడలను గొట్టాల్లో నేలదాకా దింపడం, మనుషుల్ని దూరంగా ఉంచడం అంతగా ఎవరికీ కనబడలేదు. నా దృష్టిలో చెట్టును నిలిపిన పని అది. చెట్టును రోగిలా పరీక్షించి చూసే చూపు మనకు కొత్తదేమీ కాదు. చెట్ల వైద్యం మీద సురపాలుడు రాసిన పాత గ్రంథం వృక్షాయుర్వేదాన్ని నళినీ సాధలే ఇంగ్లిషులోకి తెస్తే, 1996లో అచ్చువేసింది మన సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషనే. అందులోని వాత పిత్త కఫాల లెక్కను ఈనాడు ఒప్పుకోనక్కర్లేదు. మందు వేసేముందు ఆకు, బెరడు, వేరు పరికించమనే పట్టింపు ఒప్పుకుంటే చాలు.

ఇల్లు ఇంకా కట్టనివాళ్లకు అన్నిటికన్నా సులువు. పునాదికి ముగ్గు పోసే రోజునే కొమ్మల అంచు వెంట చెట్టు చుట్టూ కూడా ముగ్గు పోయించండి. సంపు, సెప్టిక్ ట్యాంకు గుంతలు ఆ గీతకు బయటే తవ్వించండి. ఇసుక, కంకర, సిమెంటు బస్తాలు లోపల దింపనివ్వకండి, కాంక్రీటు కలిపిన నీళ్లు అటు వదలనివ్వకండి. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క మంచి వాన పడితే రెండువేల లీటర్లు దిగుతాయి. ఆ గొట్టాన్ని రోడ్డు మీదికి కాకుండా పాదులోకి తిప్పమని ప్లంబరుకు ముందే చెప్పండి. చోటు చాలదంటే ప్లాను నాలుగడుగులు జరపమని ఇంజనీరును అడగండి. కాగితం మీద ఉన్నప్పుడు దానికి పైసా ఖర్చు లేదు.