కాలమ్ పేర్లూ మాట్లాడతాయి

రిపోర్టుల కోసం ఎవరైనా లాగిన్ అడిగితే ఏ టేబుల్ చదవనివ్వాలా అని అందరం ఆలోచిస్తాం. ఏ టేబుళ్ల పేర్లు కంటపడనివ్వాలి అన్నది మాత్రం తట్టదు. ఒక ఆసుపత్రి డేటాబేస్ ఉందనుకోండి. ఒక్క వరుస కూడా చదివే హక్కు లేని మనిషికి ‘హెచ్ఐవీ ఫలితం’, ‘మానసిక చికిత్స తేదీ’ అనే కాలమ్ పేర్లు కనిపిస్తే, అక్కడ ఏం దాస్తున్నారో తెలిసిపోయినట్టే. ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ దాడి చేసేవాడూ లోపలికి దూరగానే ముందు వెతికేది ఈ పేర్లనే.

రిలేషనల్ డేటాబేసుల మూలపురుషుడు ఎడ్గార్ కాడ్ 1985లో వాటికి రాసిన సూత్రాల్లో, టేబుళ్ల వివరాలనూ మామూలు డేటాలాగే క్వెరీతో అడగగలగాలని ఒకటుంది. అయితే ఆ వీలు అధికారం ఉన్నవాళ్లకే అన్నాడాయన. నాకు ఆ షరతే ముఖ్యం.

ఎస్‌క్యూఎల్ సర్వర్ 2005 నుంచి ఆ షరతును పాటిస్తోంది. మనకు ఏదో ఒక హక్కు ఉన్న టేబుళ్లే జాబితాలో కనిపిస్తాయి. వ్యూ డెఫినిషన్ అనే హక్కును విడిగా ఇచ్చుకోవచ్చు. అప్లికేషన్ ఖాతాకు ప్రొసీజర్లు నడిపే హక్కు మాత్రమే ఇస్తే, వాటి వెనకున్న టేబుళ్లు దానికి కనిపించవు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. దీనివల్ల ఒక తికమక ఉంది: ఉన్న టేబుల్‌కే ఆబ్జెక్ట్ ఐడీ అడిగితే నల్ వస్తుంది. లేదనుకుని సృష్టించబోయిన స్క్రిప్టు ఆగిపోతుంది. ఆ చిక్కు నేను భరిస్తాను.

పోస్ట్‌గ్రెస్ కథ వేరు. అక్కడ ఇన్ఫర్మేషన్ స్కీమా హక్కున్న టేబుళ్లనే చూపిస్తుంది. అది చూసి నిశ్చింతగా ఉంటే మోసపోతాం. పీజీ క్లాస్, పీజీ అట్రిబ్యూట్ అనే కేటలాగులు ఆ డేటాబేస్‌కు కనెక్ట్ అయిన ప్రతివాళ్లకూ తెరిచే ఉంటాయి. స్కీమా మీద యూసేజ్ తీసేసినా పేర్లు దాగవు. ఫంక్షన్ల లోపలి కోడ్ కూడా పీజీ ప్రాక్‌లో చదువుకోవచ్చు. పాస్‌వర్డులో, ధర లెక్కగట్టే రహస్య సూత్రాలో ఫంక్షన్లలో రాసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. కేటలాగుల మీద హక్కులు రివోక్ చేద్దామంటే సాధారణ యూజర్ల పీఎస్‌క్యూఎల్, బ్యాకప్, డ్రైవర్లు తడబడతాయి. ఆ దారి వద్దు.

పేర్లు దాచినంత మాత్రాన భద్రత రాదనేవాళ్లున్నారు. నిజమే, డేటా హక్కులకు ఇది బదులు కాదు. కానీ అక్కర్లేని మనిషికి అక్కర్లేనిది చూపించడానికి అది కారణమూ కాదు.

అందుకే పోస్ట్‌గ్రెస్‌లో పదిమంది ఖాతాదారులను పది స్కీమాల్లో పెట్టి గోడ కట్టామనుకోవద్దంటాను. విడివిడి డేటాబేసులు పెట్టి, ప్రతిదాని మీదా పబ్లిక్‌కున్న కనెక్ట్ హక్కు తీసేయాలి. అప్పుడు కూడా డేటాబేసుల పేర్ల జాబితా అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి వాటికి ఖాతాదారుల పేర్లు పెట్టకండి.