ఎష్కోలు గెల

ఏప్రిల్ నెలాఖరుకి మా ముసునూరులో ఏ ఇంట అడుగుపెట్టినా మంచం కింద వరిగడ్డిలో రసాలు మాగుతుంటాయి. సంఖ్యాకాండం 13, 14 అధ్యాయాలు నేను మొదటిసారి విన్నది ఆ వాసనలోనే. రాత్రి అన్నాలయ్యాక అమ్మమ్మ అరుగు మీద కూర్చుని, వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివేది. అలా చదివితేనే ఆ కథ అందం తెలుస్తుందని ఇప్పటికీ నా నమ్మకం.

మోషే పంపిన 12 మంది వేగులవాళ్లు 40 రోజులు కనాను దేశం తిరిగి వచ్చారు. అక్కడ ఎష్కోలు లోయలో కోసిన ద్రాక్షగెలను ఇద్దరు దండె మీద మోసుకొచ్చారు. తెలుగు బైబిల్ దాన్ని గుత్తి అనలేదు, గెల అంది. అరటికీ తాటికీ వాడే మాట. ఆ ఒక్క మాటతో పండు బరువు వినేవాడి భుజం మీదికి వచ్చి కూర్చుంటుంది. ఎష్కోలు అంటే హీబ్రూలో గెల అనే అర్థం. ఆ లోయ పేరే పండు పేరు. ముందొకడు, వెనకొకడు, నడుమ ఊగుతూ గెల. కావడి మోసిన నేల మీద పుట్టినవాళ్లకు ఈ బొమ్మ గీసి చూపనక్కర్లేదు.

ఇశ్రాయేలీయులు అంతకుముందు దాహానికి సణిగారు, ఆకలికి సణిగారు. వాటిని చదువుతుంటే జాలే కలుగుతుంది. ఈసారి పండు ఎదుట పెట్టుకుని సణిగారు. కథకుడి ప్రతిభ అంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది. ఆ దేశంలో పాలూ తేనే పారుతున్నాయని వేగులవాళ్లే చెప్పారు. ఆ వెనకే ఒక 'అయితే' వచ్చింది. ఇంత బరువైన 'అయితే' నేను మరెక్కడా చదవలేదు. ప్రాకారాలున్న పట్టణాలు, అనాకు వంశపు ఆజానుబాహులు. వాళ్ల పక్కన తాము మిడతలు. ఆ మాట వరస చూడండి. ముందు తమ కంటికి తామే మిడతలయ్యారు. వాళ్ల కంటికీ అంతేనన్నది తర్వాతి మాట. వాళ్లనెవరు అడిగారు? ఎవరూ అడగలేదు. మనసులో కుంచించుకుపోయినవాడు ఎదుటివాడి చూపును కూడా తానే కల్పించుకుంటాడని ఇంత క్లుప్తంగా చెప్పడం ఎంత గొప్ప విద్య!

మన ఆలంకారికుల భాషలో చెప్పాలంటే ఇక్కడ విభావం ఒక్కటే: ఆ దేశం, ఆ గెల. ఆ వేగులవాళ్లలో కాలేబు, యెహోషువలకు విస్మయం కలిగింది, అది అద్భుతమై పండింది. మిగతా పదిమందికి భయం కలిగింది, అది భయానకమైంది. పండు అందరూ చూశారు, రసం ఇద్దరికే దక్కింది. లోబడడం అనే మాటను విప్పితే లో, పడు. ఆ దేశం ఇస్తానన్న దేవుడి వాగ్దానపు లోపల పడ్డవాడు కాలేబు.

రెండధ్యాయాలు వెనక్కి వెళ్తే నాలుక కథ ఇంకా ఉంది. ఇశ్రాయేలీయులు రోజూ మన్నా తిని విసిగి, ఐగుప్తులో ఊరికే తిన్న చేపల్ని, దోసకాయల్ని, తెల్లగడ్డల్ని తలుచుకుని ఏడ్చారు. తెల్లగడ్డల దగ్గర అమ్మమ్మ ఆగి 'వెల్లుల్లిపాయలు' అని మాకు విడమరిచేది. నేను ఆగేది 'ఊరికే' దగ్గర. ఆ చేపలకు ఇటుకల మట్టి తొక్కిన కాళ్లతో వెల కట్టారు, ఏట్లో పారేయించుకున్న మగబిడ్డలతో వెల కట్టారు. రుచి గుర్తుంది, వెల మరిచారు. అవిధేయత నాలుక మీద మొదలవుతుందని ఈ కథ చెబుతుంటే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

వేగులవాళ్ల మాట విని ఆ దేశంలోకి వెళ్లమన్నందుకు తీర్పు వచ్చింది. రోజుకి ఏడాది చొప్పున 40 ఏళ్లు అరణ్యంలో. నిజానికి హోరేబు నుంచి కాదేషుకి 11 రోజుల ప్రయాణమేనని ద్వితీయోపదేశకాండం చెబుతుంది. తెల్లారి లేచి, ఇప్పుడు వెళ్తామన్నారు. మోషే వద్దన్నా కొండెక్కారు, హోర్మా దాకా తరిమించుకుని వచ్చారు. తొలకరి పడ్డాక కోసిన రసంలో పురుగు ఉంటుందని మా రైతులంటారు. అదను దాటిన ఆ తెగువను చదివినప్పుడల్లా నాకు ఆ పండే గుర్తొస్తుంది: పైన నిగనిగలు, లోపల పురుగు.

కాలేబు మాత్రం ఆ అరణ్యమంతా నడిచాడు. తప్పు తనది కాదు, అయినా నడిచాడు. యెహోషువ గ్రంథం 14వ అధ్యాయానికి వచ్చేసరికి అతనికి 85 ఏళ్లు. పల్లపు పొలం అడిగి హాయిగా ఉండొచ్చు. అతనడిగింది అనాకీయులున్న ఆ కొండసీమనే. 45 ఏళ్ల కిందట చూసిన గెల అతని కంట్లో ఇంకా వాడలేదు.

మరుసటి అధ్యాయంలో అతని కూతురు అక్సా గాడిద దిగి నాన్న ముందు నిలబడుతుంది. ఎండిన దక్షిణపు భూమి ఇచ్చావు, నీటి మడుగులు కూడా ఇవ్వమంటుంది. వేసవిలో తమ్మిలేరు ఇసుక చూసినవాళ్లకు ఆ పిల్ల గొంతు వినిపిస్తుంది. కాలేబు మెరకన ఉన్న మడుగులూ ఇచ్చాడు, పల్లాన ఉన్న మడుగులూ ఇచ్చాడు.