అలంకార లిపి: అందమూ, అర్థమూ

దివ్య ఖుర్ఆన్ 96వ సూరా తొలి వాక్యాలలోనే పఠనం, కలం రెండూ ప్రస్తావనకు వచ్చాయి. 68వ సూరాకు ‘అల్ ఖలం’ అనే పేరుంది. చదవడం కోసమే వ్రాత. ఖుష్‌నవీసీని, అంటే అందమైన లిపి రచనను, బేరీజు వేయడానికి ఇదే గీటురాయి.

అబ్బాసీ వజీరు ఇబ్నె ముఖ్లా (మరణం 940) కలం మొన వేసే చుక్కను కొలమానంగా తీసుకొని ప్రతి అక్షరానికీ పరిమాణం నిర్ణయించాడు. ఆనాటి నుండి ఈ కళ కొలతకు లోబడిన కళ. దాని రకాలు కూడా పనిని బట్టి ఏర్పడినవే. కోణాల కూఫీ ఇటుకకు, రాతికి ఒదిగింది. నిడుపాటి సులుస్ మస్జిద్ గోడలను అలంకరించింది. తేటగా ఉండే నస్ఖ్ ముస్‌హఫ్‌కు తగింది. 14వ శతాబ్దపు ఇరాన్‌లో రూపుదిద్దుకొన్న నస్తాలీఖ్ ఉర్దూకు సొంతమైంది. వేగంగా వ్రాసే షికస్తా కచేరీలకు చేరింది. అక్షరాలను పెనవేసి చిహ్నంగా మలిచే తుగ్రా ఉస్మానీ సుల్తానుల ముద్ర అయింది.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు ఈ భేదం కొత్త కాదు. నిజాం కాలపు సేత్వార్లు ఉర్దూలో ఉన్నందువల్ల, వాటిని చదివిపెట్టేవారి కోసం రైతులు నేటికీ వెతుక్కోవలసి వస్తున్నది. అదే రాజ్యపు హాలీ రూపాయిపై చార్మినార్ ద్వారంలో ఒకే ఒక్క అక్షరం ఉండేది: మహబూబ్ అలీ ఖాన్‌కు ‘మీమ్’, 1911 తర్వాత ఉస్మాన్ అలీ ఖాన్‌కు ‘ఐన్’. అలంకారం అక్కడ మితంగా నిలిచింది. 1918లో మొదలైన కాగితపు నోట్లపై ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ లిపులలోనూ విలువ ముద్రించారు. నోటు పుచ్చుకొనే సామాన్యుడు దానిని చదువుకోవాలి గదా!

నేటి అలంకార లేఖనంలో లోపించినది ఈ వివేకమే. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడు జేర్, జబర్, పేష్ గుర్తులున్న నస్ఖ్‌ను చదువుతాడు. ముడులు పడిన సులుస్ ఎదుట ఆగిపోతాడు. వాక్యం అతనికి బొమ్మగా మిగులుతుంది. 1980ల ఆరంభంలో మిర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్‌తో కంప్యూటర్ కాతిబ్ పనిని అందుకొన్నది. కాని అరబీ అక్షరాల కూడిక తెలియని సాఫ్ట్‌వేర్ చేతిలో పడితే అక్షరాలు విడిపోయి, వరుస తారుమారవుతుంది. ఒక్క నుఖ్తా ఎక్కువైతే చాలు, ‘రహ్మత్’ ‘జహ్మత్’ అవుతుంది. కారుణ్యం కష్టంగా మారుతుంది. ఆయత్ విషయంలో దీనిని అచ్చుతప్పని సరిపెట్టుకోగలమా? జల్సా ముగిశాక ఆయత్ ఉన్న ఫ్లెక్సీ కాళ్ల కింద పడటం మరొక బాధ.

సొగసును విడిచిపెట్టమని ఎవరూ అనరు. అయితే గోడకెక్కే ప్రతి వాక్యాన్నీ ముందుగా ఒక హాఫిజ్ సరిచూడాలి. నమాజుకు వచ్చేవారు చదవగలిగే శైలినే ఎంచుకోవాలి. పక్కనే భావాన్ని స్ఫుటమైన తెలుగు అక్షరాలలో వ్రాయించాలి. మస్జిద్ కమిటీలు రంగుకూ, రాతికీ వెచ్చించే శ్రద్ధలో కొంత దీనికి కేటాయిస్తే, గోడ మీది వాక్యం చూసేవారి నాలుక మీదికి, అక్కడి నుండి మనసులోకి చేరుతుంది.