ఆట ముగిసిన తరువాతి మాట: వీడియో గేమ్ ఆటగాళ్ల తెలుగు అనుభవ కథనం – రసదృష్టి

సంగ్రహం:

ఒక వీడియో గేమును చివరివరకు ఆడి ముగించినవారు ఆ అనుభవాన్ని తోటివారికి తెలుగులో చెప్పే మాటలు ఈ వ్యాసానికి విషయం. ఈ మాటలను కాలక్షేప సంభాషణగా కాక విమర్శకు పూర్వరూపంగా పరిశీలించవచ్చునని ప్రతిపాదించడం దీని ఉద్దేశం. తెలుగు దేశీయ క్రీడల పలుకుబడి, అలంకారశాస్త్రంలోని రసవిఘ్న, సాధారణీకరణ భావనలు, సభాపర్వంలోని ద్యూతానంతర ఘట్టం ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: వీడియో గేమ్, ఆట, పండటం, సాధారణీకరణం, రసవిఘ్నం, ద్యూతం, ఎ.కొండూరు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో 'ఆట' అన్న మాటకు పరిధి పెద్దది. పిల్లలు ఆడుకొనేదీ ఆటే, నర్తకి ఆడేదీ ఆటే. తోలుబొమ్మలాటలోనూ అదే మాట ఉంది. సినిమాహాలులో మొదటి ఆట, రెండో ఆట అంటాము. క్రీడ, నృత్యం, నాటకం, ప్రదర్శన అన్నీ ఒకే ధాతువు నీడలో ఉన్న భాష ఇది. చేతితో ఆడుతూ కంటితో చూస్తూ కథను నడిపించే వీడియో గేమును వర్ణించడానికి ఇంతకంటె అనువైన మాట దొరకదు. అయినా మన విమర్శ నాటకాన్ని, సినిమాను తనలోకి తీసుకొన్నంతగా ఈ ఆటను తీసుకోలేదు.

డచ్చి చరిత్రకారుడు యోహాన్ హౌజింగా 1938లో వెలువడిన 'హోమో లూడెన్స్' గ్రంథంలో ఆటకు దేశకాలాల హద్దులు ఉంటాయని చెబుతూ, ముగిసిన ఆట జ్ఞాపకంగా నిలిచి ఇతరులకు అందుతుందని, సంప్రదాయంగా మారుతుందని గుర్తించాడు. ఈ అందజేతకు ప్రధాన సాధనం మాట. తెలుగు ఆటగాడి విషయంలో ఆ మాటకు మరొక ప్రాధాన్యం ఉంది. 'ది లాస్ట్ ఆఫ్ అస్' (2013), 'గాడ్ ఆఫ్ వార్' (2018), 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' (2018) వంటి కథాప్రధానమైన ఆటలలో తెలుగు లేదు. పాత్రల సంభాషణ, తెరమీది సూచన, జాబితా అన్నీ ఆంగ్లంలోనో మరొక భాషలోనో ఉంటాయి. ఆట ముగించినవాడు పక్కనున్న మిత్రునికి చెప్పడం మొదలుపెట్టినప్పుడే ఆ కథ తెలుగవుతుంది. ఆ గేముకు ఉన్న తెలుగు రూపం అతని నోటిమాట ఒక్కటే. విమర్శకుడు ఆ మాటను పట్టించుకోకపోతే ఆ రూపం నమోదు కాకుండానే పోతుంది.

2. పండినవాడు, చచ్చినవాడు: పలుకుబడి పరిశీలన

ఆట ముగియడాన్ని చెప్పడానికి నేటి యువతరం 'ఫినిష్ చేశాను', 'కంప్లీట్ అయింది' అంటున్నది. దేశీయ క్రీడలలో ఇందుకు 'పండటం' అన్న క్రియ ఉంది. అష్టాచమ్మాలో కాయ గడులన్నీ చుట్టి నడిమింటికి చేరితే పండుతుంది. దాగుడుమూతల వంటి ఆటలకు ముందు పిల్లలు పంటలు వేసుకొంటారు. పండినవాడు తప్పుకొంటాడు, చివరికి మిగిలినవాడు దొంగ. కాయ పండాలంటే కాలం పట్టాలి, దారిలో చావకుండా బతకాలి. 'ఫినిష్' అన్న మాటలో పని తీరిపోవడం మాత్రమే ఉండగా, 'పండటం'లో ఆ ప్రయాణం వల్ల వచ్చిన పరిపాకం కూడా ఉంది.

రెండవది 'చచ్చు' ధాతువు. నిత్యవ్యవహారంలో ఈ క్రియకు ఉత్తమపురుష భూతకాల రూపం వాచ్యార్థంలో పొసగదు. భయమో సిగ్గో చెప్పే అతిశయోక్తిగా తప్ప 'నేను చచ్చాను' అని చెప్పగలవాడు లేడు. ఆటలో మాత్రం అది సహజమైన వాక్యం. చెడుగుడులో పట్టుబడినవాడు చచ్చి గీత అవతల కూర్చొంటాడు. అతని జట్టు అవతలివాడిని పట్టుకొంటే తిరిగి బతుకుతాడు. 'ఆ కోట దగ్గర పదిసార్లు చచ్చాను' అనే నేటి ఆటగాడు తెలియకుండానే ఈ పాత పలుకుబడిని కొనసాగిస్తున్నాడు. పొరపాటును రద్దు చేయడానికి పిల్లలు అనే 'తూచ్' కూడా ఇటువంటిదే. వెనుకటి ఘట్టానికి వెళ్లి మళ్లీ ఆడే సౌకర్యానికి అంతకంటె చిన్న మాట ఉండదు. అందరితో కలిసి ఆడుతూ లెక్కకు రాని 'ఆటలో అరటిపండు', నియమాన్ని వంచే 'తొండి' కూడా ఈ నిఘంటువులోనివే. కొత్త ఆటను వివరించే తెలుగు మనకు ఉంది. దానిని విమర్శ పరిభాషగా గుర్తించే పని మిగిలి ఉంది.

ఇక్కడ ఒక సూక్ష్మభేదం గమనించదగినది. మధ్యలో ఓడినప్పుడు 'నేను చచ్చాను' అనే ఆటగాడే కథాంతంలో నాయకుడు మరణించినప్పుడు 'అతను చనిపోయాడు' అంటాడు. పురుష మారింది, క్రియ మారింది. మొదటిది నైపుణ్యంలో వైఫల్యం, రెండవది ఒక వ్యక్తి మరణం. 'చచ్చు', 'చనిపోవు' క్రియల మధ్య ఉన్న గౌరవభేదం ఆటకూ కథకూ మధ్య గీత గీస్తున్నది. ఈ భేదమే తరువాతి చర్చకు ఆధారం.

3. రసవిఘ్నం, సాధారణీకరణం

రసనిష్పత్తికి సాధారణీకరణం అవసరమని భట్టనాయకుడు ప్రతిపాదించాడు. రంగస్థలం మీది శోకం నటునిదీ కాదు, ప్రేక్షకునిదీ కాదు. వ్యక్తిసంబంధం తొలగినందువల్లనే అది ఆస్వాదయోగ్యమవుతుంది. అభినవగుప్తుడు 'అభినవభారతి'లో ఏడు రసవిఘ్నాలను చెబుతూ, స్వీయ సుఖదుఃఖాలకు మనస్సు వశం కావడాన్ని వాటిలో ఒకటిగా లెక్కించాడు. ఈ దృష్టితో చూస్తే వీడియో గేము రసానికి అనుకూలమైన కళ కాదనిపిస్తుంది. ఆడేవాడికి తన ఓటమి, తన గెలుపు, తన వేళ్ల వేగం ముఖ్యం. నాటకంలో ప్రేక్షకుడు రావణుని చంపడు. గేములో మీట నొక్కకపోతే ఎవరూ చావరు. పాఠకుని శ్రమ లేనిదే ముందుకు సాగని పాఠాలను ఎస్పెన్ ఆర్సెత్ 'సైబర్‌టెక్స్ట్' (1997)లో ప్రత్యేక వర్గంగా విశ్లేషించాడు. ఆ శ్రమ వెంట బాధ్యత కూడా వస్తుంది.

'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2' ఇందుకు మంచి ఉదాహరణ. నాయకుడు ఆర్థర్ మోర్గన్ బందిపోటు ముఠా తరఫున అప్పు వసూలుకు వెళ్లి, రోగంతో ఉన్న ఒక పేదవాడిని కొడతాడు. ఆ రోగం క్షయ. అదే అతనికి సోకి, ఆయుష్షును హరిస్తుంది. ఆ దెబ్బలు వేయించింది ఆటగాడు. కథ ముందుకు సాగాలంటే ఆ ఘట్టాన్ని తప్పించుకొనే వీలు లేదు. ఆడుతున్నప్పుడు అది అనేక పనులలో ఒకటిగా గడిచిపోతుంది. ఫలితం చాలా గంటల తరువాత తెలుస్తుంది. పూర్తి చేసినవాడు కథను మొదటినుంచి చెప్పేటప్పుడు మాత్రమే ఆ చిన్న ఘట్టం కారణంగా, మరణం కార్యంగా ఒకచోటికి వస్తాయి. తెలుగు ఆటగాడు దీనిని 'చేసుకొన్న కర్మ' అన్న ఒక్క మాటతో ముడివేయగలడు. ఆ మాట గేములో లేదు. చెప్పేవాడి సంస్కారం నుంచి వచ్చింది.

'ది లాస్ట్ ఆఫ్ అస్' ముగింపులో జోయెల్ తాను కూతురిలా చూసుకొన్న ఎల్లీని శస్త్రచికిత్స గదినుంచి తీసుకుపోతాడు. దారికి అడ్డువచ్చిన వైద్యుని చంపనిదే ఆట సాగదు. తరువాత అతడు ఎల్లీకి అబద్ధం చెబుతాడు. 'నేను చంపాను' అనాలా, 'జోయెల్ చంపాడు' అనాలా? అనుభవాన్ని చెప్పేవాడు ఈ రెండు వాక్యాల మధ్య ఊగుతాడు. మొదటి వాక్యంలో నేరభావం, రెండవ దానిలో కరుణ. మొదటినుంచి రెండవదానికి మారే క్రమమే సాధారణీకరణం. ఆడుతున్నంతసేపు విఘ్నంగా ఉన్న స్వీయానుభవం, చెప్పడం మొదలుకాగానే విభావాలుగా, అనుభావాలుగా సర్దుకొంటుంది. వినేవాడు సహృదయుడైతే చెప్పేవాడు కూడా తన ఆటకు తానే సహృదయుడవుతాడు. వీడియో గేములో రసం ఆటవేళలో బీజంగా ఉండి, ఆటానంతర కథనంలో నిష్పన్నమవుతుందని ఈ వ్యాసం చేసే ప్రధాన ప్రతిపాదన.

దీనికి ఒక ఆక్షేపం రావచ్చు. ఆడుతూనే కంటతడి పెట్టేవారు లేరా? ఉన్నారు. అయితే అటువంటి ఘట్టాలలో చాలావాటిలో ఆటగాని చేతినుంచి అధికారం తాత్కాలికంగా తొలగి, అతడు ప్రేక్షకునిగా మారతాడు. ఆ క్షణంలో గేము నాటకానికి దగ్గరవుతుంది. చేయి ఆడుతున్న క్షణంలోని అనుభవానికి అర్థం కావాలంటే మాత్రం కొంత ఎడం కావాలి. ఆ ఎడాన్ని మాట ఇస్తుంది.

4. ద్యూతానంతర ప్రశ్న

ముగిసిన ఆటను గురించిన విమర్శ మన సాహిత్యానికి కొత్త కాదు. నన్నయ తెనిగించిన సభాపర్వంలో జూదం ముగిసిన తరువాత ద్రౌపది ప్రాతికామి ద్వారా సభకు ప్రశ్న పంపుతుంది. ధర్మరాజు ముందుగా తనను ఓడి ఆమెను ఒడ్డాడా, లేక ముందే ఆమెను ఒడ్డాడా అన్నది దాని సారాంశం. ఆమె పాచికలు ఎలా పడ్డాయని అడగలేదు. ఎవరు ఎంత నేర్పుతో ఆడారనీ అడగలేదు. ఎత్తుల క్రమాన్ని, పణం పెట్టే అధికారాన్ని, ఆ నియమపు చెల్లుబాటును ప్రశ్నించింది. గెలిచినవారు గెలుపును లెక్కపెడుతుండగా, ఆటలో పాల్గొనక పణంగా మారిన వ్యక్తి ఆట నిర్మాణాన్నే విచారణకు పెట్టింది. పెద్దల వద్ద సమాధానం లేకపోవడం ఆ ప్రశ్న బలానికి సాక్ష్యం.

పలనాటి కథలోనూ ఆట బరిలోనే ముగిసిపోలేదు. కోడిపోరులో ఓటమి బ్రహ్మనాయుని వర్గాన్ని వలసకు పంపింది. బాలచంద్రుని బొంగరం తగిలి గాయపడిన స్త్రీ అన్న మాట అతణ్ణి యుద్ధం వైపు నడిపింది. ఆ మాట కూడా ఆడనివారి మాటే. నియమాలే వాదన చేస్తాయని ఇయాన్ బొగోస్ట్ 2007లో వీడియో గేముల గురించి చేసిన సిద్ధాంతం తెలుగు విద్యార్థికి అందాలంటే ద్రౌపది ప్రశ్న సహజమైన ద్వారం. గేము ముగించినవాడు వేయవలసిన ప్రశ్నలు ఇవి: ఈ ఆటలో పణం ఎవరు? ఏ పని చేయకుండా ముందుకు పోనివ్వలేదు? ఎవరు లెక్కకు రాలేదు?

5. ముగింపు లేని ఆటలు

కథాప్రధానమైన పెద్ద ఆటలకు ఖరీదైన కంప్యూటరో ప్రత్యేక యంత్రమో కావాలి. ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలోని ఎ.కొండూరు వంటి గ్రామీణ మండలాలలో ఆట అంటే ప్రధానంగా చేతిలోని ఫోను. ఫోనులో విస్తృతంగా ఆడే పోరాటపు ఆటలకు కథాంతం ఉండదు. ఒక పందెం ముగిస్తే మరొకటి మొదలవుతుంది. ఈ ఆటలు పండవు. వాటిని గురించిన మాటలో గెలుపోటముల వార్త ఉంటుంది కాని జరిగినదానిని మొత్తంగా తిరిగి చూసే అవకాశం తక్కువ. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించినప్పుడు ఒక ముగింపులేని ఆటకు బయటినుంచి ముగింపు వచ్చింది. అప్పుడే 'ఆ రోజుల్లో' అన్న జ్ఞాపక కథనానికి తావు ఏర్పడింది. ముగింపు ఉన్నచోటే కథనం పుడుతుందనడానికి ఇది నిదర్శనం.

లంబాడీ తండాలు గల ఎ.కొండూరు మండలంలో భాషాస్థితి మరింత జటిలం. అక్కడి పిల్లవాడికి ఇంట్లో గోర్‌బోలి, బడిలో తెలుగు, తెరమీద ఆంగ్లం. అతని ఆటానంతర కథనం రెండు మెట్లు దాటి తెలుగులోకి వస్తుంది. 'ఆటగాళ్ల తెలుగు' అన్నప్పుడు హైదరాబాదు, విజయవాడల యువకుని భాషను మాత్రమే ప్రమాణంగా తీసుకొంటే, ఇటువంటి పిల్లవాడు పరిశోధనలో ఆటలో అరటిపండుగానే మిగులుతాడు. క్షేత్రపరిశోధన చేయదలచినవారు మొదట వెళ్లవలసిన చోట్లు ఇవి.

6. పరిమితులు, అవకాశాలు

ఆటానంతర కథనాలన్నీ విమర్శ స్థాయిని అందుకోవు. పదికి ఇన్ని మార్కులు, ఇన్ని గంటలు, బొమ్మలు బాగున్నాయి అన్న మూడు వాక్యాలతో ముగిసేవి ఎక్కువ. కథ చెప్పేస్తే రుచి పోతుందన్న నేటి భయం మరొక అడ్డంకి. తోలుబొమ్మలాట, హరికథ, బుర్రకథ చూసిన తెలుగు సమాజం తెలిసిన కథనే మళ్లీ మళ్లీ విన్నది. 'మాయాబజార్' (1957)లో శశిరేఖ పెళ్లి ఎవరితో జరుగుతుందో తెలియక ఎవరూ ఆ చిత్రాన్ని మళ్లీ చూడరు. ఏమి జరిగిందన్న కుతూహలం తీరిన తరువాత ఎలా జరిగిందన్న విచారణ మొదలవుతుంది. విమర్శకు చోటు అక్కడే.

పొరుగు భాషనుంచి ఒక ఉదాహరణ ఆలోచింపజేస్తుంది. టొరంటోకు చెందిన విసాయ్ గేమ్స్ 2023లో విడుదల చేసిన 'వెణ్బా' కెనడాకు వలసపోయిన తమిళ కుటుంబపు కథ. తల్లి ఇచ్చిన పాతబడిన వంటల పుస్తకంలో చెరిగిపోయిన భాగాలను ఊహించి, ఇడ్లీ వంటి వంటలను సరిగా చేయడమే ఆట. కొడుకు క్రమంగా తల్లిభాషకు దూరమవుతాడు. ఈ చిన్న గేము 2024లో తొలి రచనల విభాగంలో బాఫ్టా పురస్కారం పొందింది. చెరిగిన అక్షరాన్ని పూరించడమే ఇక్కడ ఆట నియమం, అదే ఇతివృత్తం. వస్తువు, శిల్పం ఇంతగా కలిసిపోయిన ఈ కృతిని ముగించిన ప్రవాసాంధ్ర కుటుంబంలోని తల్లీ పిల్లలు తమలో తాము మాట్లాడుకొనే మాట ఏ భాషలో ఉంటుందన్నది తెలుగు పరిశోధకుడు తప్పక అడగవలసిన ప్రశ్న.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. తెలుగు అందుబాటులో లేని గేములకు ఆటగాని ఆటానంతర కథనమే తెలుగు రూపం. అది వాఙ్మయ పరిశీలనకు అర్హమైన మౌఖిక సామగ్రి.

2. పండు, చచ్చు, బతుకు, తూచ్, తొండి వంటి దేశీయ క్రీడాపదాలు గేము విమర్శకు పరిభాషగా పనికివస్తాయి.

3. 'నేను చచ్చాను', 'అతను చనిపోయాడు' అన్న వాక్యాల మధ్య కలిగే పురుషభేదం, క్రియాభేదం సాధారణీకరణ క్రమాన్ని సూచిస్తాయి. రసం ఆటానంతర కథనంలో నిష్పన్నమవుతుంది.

4. ద్రౌపది ప్రశ్న ఆట నియమాలపై విమర్శకు దేశీయ నమూనా.

5. ముగింపు ఉన్న ఆటను ఆడగలగడం కూడా ఆర్థిక స్థితిపై ఆధారపడి ఉన్నది. అందువల్ల ఈ రంగంలో పరిశోధన గ్రామీణ, గిరిజన ఆటగాళ్లను వదలిపెట్టరాదు.

నేడు తెలుగు తరగతిలో కూర్చొన్న విద్యార్థులలో అనేకులు తాము చదివిన నవలలకంటె ఎక్కువ గేములను ఎరుగుదురు. వారికి ఆ అనుభవాన్ని తెలుగులో విచారించే పరికరాలు అందించకపోతే, వారు దానిని మరొక భాషలో విచారిస్తారు, లేదా అసలు విచారించరు. ముగించిన ఒక ఆటను గురించి నాలుగు పుటలు రాయమని అడగడం తెలుగు అధ్యాపకుడు చేయగలిగిన పని. ఆ నాలుగు పుటలలో ఎన్ని మార్కులన్నది కాక, పణం ఎవరన్నది వెతకమనడం విమర్శ నేర్పే పని.