పాత సినిమాశాలల బెంగ

పాత సినిమాశాలలను, కారులో కూర్చుండియే బొమ్మ చూచు డ్రైవ్-ఇన్ మైదానములను తలచి నిట్టూర్చు అమెరికా రచనలు నేడు విరివిగా వెలువడుచున్నవి. ఆ బెంగను మేము పరిహసింపము. 1933లో న్యూజెర్సీ రాష్ట్రమున కామ్డెన్ చెంత హాలింగ్స్‌హెడ్ బండ్లను ఏటవాలు గట్లపై వరుసలుగా నిలిపి, ముందుబండి వెనుకవారి చూపునకు అడ్డుగాకుండ చేసిన యుక్తి మెచ్చదగినదే. పసిబిడ్డ యేడ్చినను పొరుగువానికి ఇబ్బంది లేదు!

కాని యీ రచయితలు శాలలలోని మేడమెట్లను మఱచుటయేల? దక్షిణ రాష్ట్రములలో 1964 నాటి పౌరహక్కుల చట్టము వచ్చువఱకు పెక్కు సినిమాశాలలు నల్లవారిని వేఱు ద్వారమున బాల్కనీకి పంపెడివి. మన యూళ్లలో బాల్కనీ ధనికుల గౌరవస్థానము, అచ్చట అవమానస్థానము. మనవారును తక్కువ తినలేదు. నేలతరగతి యీలలను ముచ్చటగా వర్ణింతురు గాని, స్త్రీలకు వేఱుగా కట్టిన తెర వారికి జ్ఞప్తికి రాదు. వేయించిన వేరుసెనగల వాసన మాత్రము ఇన్నేండ్లకును వచ్చుచునే యున్నది!