మిశ్రచాపు నడక - మృదంగవాదనము
ఏడక్షరముల తాళమును మృదంగముపై వాయించుట లెక్కకు సంబంధించిన నేర్పు మాత్రమేయని పలువురి తలంపు. మేమిది అంగీకరింపజాలము. తిస్రజాతి త్రిపుటకును మిశ్రచాపునకును అక్షరములు ఏడే. కాని మొదటిదాని విభాగము 3+2+2; రెండవదానిది 3+4, అనగా ‘తకిట తకధిమి’. వృషభగతి రగడయందును, గురజాడవారి ముత్యాలసరమునందును మాత్రలు ఈ 3+4 గానే నడచును. కనుక ఈ నడక తెలుగు చెవికి క్రొత్త కాదు.

మార్దంగికుడు మూడవ అక్షరము పిదపనున్న విరుపును దాటి జతులు కూర్పవచ్చును. అది దోషము కాదు, ప్రతిభయే. అయితే ఆ విరుపును ముందుగా శ్రోత చెవిలో నిలిపినప్పుడే దాటుట దాటుటగా వినబడును. అట్లు నిలుపనిచో, ముక్తాయింపు ఎత్తుగడకు సరిగా చేరినను, లెక్క దక్కును గాని పాట నడక దక్కదు.