ఖాళీగా ఉందంటే మనదైపోదు

శావల్యాపురం నుంచి మిర్చి, కారం ఆన్‌లైన్లో అమ్ముతానంటూ ఓ కుర్రాడు ఊరి పేరుతోనే సైటుకు పేరు చూసిపెట్టమన్నాడు. "డాట్ కామ్ ఖాళీగా ఉంటే కొనేద్దాం అన్నా" అని తొందర. ముందు ఊరి పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తావో చెప్పమన్నా. మొదట 'ఎస్' ఒక్కటేనా, పక్కన 'హెచ్' కూడానా? తర్వాత 'ఏ' ఒకటా, రెండా? చివర 'యు' ఉందా? కాగితం మీద పెడితే ఎనిమిది రూపాలు తేలాయి. ఫోన్లో విన్న గుంటూరు వ్యాపారి ఏది టైపు చేస్తాడో అదే తీసుకోవాలి.

ఆ తర్వాతే ఎక్స్‌టెన్షన్లు. ఒక్కో దానికీ విడి ఖాతాపుస్తకం. డాట్ కామ్‌ది అమెరికాలోని వెరిసైన్ దగ్గర, డాట్ ఇన్‌ది మన దేశ సంస్థ నిక్సీ అధీనంలో ఉంటాయి. అందుకే ఒకచోట పోయిన పేరు ఇంకోచోట దొరుకుతుంది. తెలుగు అక్షరాల్లో డాట్ భారత్ కూడా ఉంది. స్పెల్లింగు గొడవ ఉండదు గానీ, తెలుగు కీబోర్డు లేని కొనుగోలుదారు ఎలా వస్తాడు? రెండో పేరుగా పెట్టుకోవచ్చు. డాట్ ఏఐ మీద మోజెందుకో నాకర్థం కాదు, అది అంగ్విల్లా దీవికి కేటాయించినది. మిర్చికి డాట్ ఇన్ బాగా నప్పుతుంది.

ఖాళీ అని చూపించగానే డబ్బు కట్టేయకూడదు. ఎందుకో ఓ పాత కేసు చెబుతుంది. మన సత్యం కంప్యూటర్స్ గూటి నుంచి వచ్చిన సత్యం ఇన్ఫోవే 'సిఫీ' అన్న మాటను అల్లుకుని 1999లో సిఫీనెట్ డాట్ కామ్ వంటి పేర్లు రిజిస్టర్ చేసుకుంది. తర్వాత వేరే కంపెనీ మధ్యలో ఇంకో 'ఎఫ్' చేర్చి డాట్ కామ్, డాట్ నెట్ రెండూ తీసుకుంది. కంప్యూటర్ లెక్కలో అవి ఖాళీయే. వ్యాజ్యం బెంగళూరు సిటీ సివిల్ కోర్టులో మొదలైంది. అక్కడ సత్యం ఇన్ఫోవే గెలిచింది, హైకోర్టులో ఓడింది. చివరికి 2004 మే 6న సుప్రీంకోర్టు డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కు లాంటి రక్షణ ఉంటుందని సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పిచ్చింది. కాబట్టి ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీలో పేరు వెతకడం కూడా ఈ పనిలో భాగమే.

మొదటి ఏడాది చౌక ధర చూసి మురిసిపోవద్దు, రెన్యువల్ ధర చూడండి. ఇంకో మాట: సైటు చేసిపెట్టేవాడి మీద ఎంత నమ్మకమున్నా, రిజిస్ట్రేషన్లో మీ పేరు, మీ మెయిల్, మీ ఫోనే ఉండేలా చూసుకోండి.